రాతిపొడి పడని పెరడు

నాకు ఆళ్లగడ్డకు బదిలీ అయినప్పుడు మా పాపకు నాలుగేళ్లు. అంతవరకూ నంద్యాలలో ఒక మిద్దె మూడో అంతస్తులో ఉండేవాళ్లం. అక్కడ మా పాపకు తెలిసిన లోకమంతా మెట్లూ, వరండా, ఫోనూ. వాన పడితే కిటికీ కడ్డీల్లోంచి చెయ్యి బయటికి చాపి తడుపుకునేది. అందుకని ఆళ్లగడ్డలో ఇల్లు వెతకడానికి పోయేటప్పుడు మా ఆయనతో ఒకటే చెప్పాను. గదులు ఇరుకైనా సర్దుకుందాం, పిల్ల పరిగెత్తడానికి కాస్త మట్టినేల ఉండాలి అని.

నాలుగో ఇంట్లో ఆ నేల దొరికింది. ముందు భాగంలో ఇంటావిడ ఒక్కతే ఉంటుంది. వెనక రెండు గదులు అద్దెకు. ఆ గదుల తలుపు తీస్తే ఎదురుగా పెద్ద పెరడు. మధ్యలో కానుగ చెట్టు, దానికి తాడు ఉయ్యాల, ఒక మూల ఇసుక కుప్ప, గోడవారగా రాతి తొట్టి. ఏడెనిమిది మంది పిల్లలు అరుచుకుంటూ ఆడుతున్నారు. మా పాప నా చెయ్యి విదిలించుకుని వాళ్లలోకి పోయింది.

ఇంటావిడకు అరవై దాటి ఉంటాయి. పొడుగ్గా, సన్నగా, చేతులు మాత్రం మగవాళ్ల చేతుల్లా గట్టిగా ఉన్నాయి. మాకు ఏ కులమని ఆమె అడగలేదు. ఆదివారం చర్చికి పోతామని నేనే చెబితే "పోండి, దానికేముంది" అంది. ఆమె అడిగింది వేరే.

"పిల్లకు మన్ను తినే అలవాటుందా?"

"లేదండీ."

"యాడబడితే ఆడ చెయ్యి పెట్టి నోట్లో పెట్టుకుంటాదా?"

"అప్పుడప్పుడు..."

"గోళ్లు కత్తిరిస్తాండావా వారం వారం?"

నాకు కోపం వచ్చింది. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. నన్నా గోళ్ల గురించి అడిగేది! కానీ ఆ పెరడు చూశాక ఆ కోపం మింగేశాను.

చేరిన మర్నాడు పొద్దున ఆరింటికి తలుపు తీసేసరికి ఆమె కానుగ చెట్టు కింద గొంతు కూర్చుని, నేలకు మొహం ఆనించినంత పనిచేసి ఏదో చూస్తోంది. చెవికమ్మ పోగొట్టుకుందేమో అనుకున్నాను.

"ఏం పోయింది పెద్దమ్మా?"

"ఏం పోలే. చూస్తాండా."

"ఏందీ చూసేది?"

"పిల్లోళ్ల కండ్లకు ఏం కనపడతాదో అది. నిలబడుకుంటే నీకేం కనపడదు టీచరమ్మా. ఇట్ల కూర్చో."

నవ్వు వచ్చినా కూర్చున్నాను. అప్పటిదాకా శుభ్రంగా ఊడ్చినట్టు కనపడిన నేల ఒక్కసారిగా మారిపోయింది. బండ అరుగు కింద వంకరపోయిన మేకు ఒకటి. అరుగు సందులో గాజుపెంకు. గోడవార ఒక మాత్రల అట్ట, అందులో ఎర్రటి మాత్ర ఒకటి మిగిలే ఉంది. పై వీధిలో ఎవరో విసిరేసింది గాలికి వచ్చి పడినట్టుంది. నా ఎత్తుకు అది చెత్త. మా పాప ఎత్తుకు అది చాక్లెట్.

ఆమె ఆ మాత్రను తీసి కొంగున ముడేసుకుంది. "దీన్ని ఈడ పారేస్తే మళ్లా ఈడికే వస్తాది" అంది.

ఆ రోజు నుంచి ఆమె చేసే పనులు గమనించడం మొదలుపెట్టాను. ఒక్కటీ పెద్ద పని కాదు, కానీ ఒక్కరోజు కూడా మానేది కాదు. ఆటలు ముగిసి పిల్లలు ఇళ్లకు పోగానే ఇసుక కుప్ప మీద టార్పాలిన్ పట్ట కప్పి, నాలుగు వైపులా రాళ్లు పెట్టేది. "పిల్లులకు ఇసుక దొరికితే అదే వాటికి మరుగుదొడ్డి. ఆ ఇసుకలోనే గదా మనోళ్లు గుజ్జనగూళ్లు వండేది" అనేది. వారానికోసారి ఇసుకను పారతో తిరగేసి ఎండకు ఆరబోసేది. కొబ్బరిచిప్పలు, పగిలిన కుండపెంకులు ఏవి కనపడినా బోర్లించేది. వానాకాలంలో ఒక పాత టైరులో నీళ్లు నిలుస్తున్నాయని దానికి నాలుగు చోట్ల బెజ్జాలు పొడిచింది. గోడ పక్కన వయ్యారిభామ మొక్క మొలిస్తే పూత రాకముందే, చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని వేళ్లతో సహా పీకేది. ఎడమ మోచేతి మీద నల్లటి దద్దుల మచ్చ చూపించి, "ఒకసారి ఒట్టి చేత్తో పీకినా. ఆర్నెల్లు గోక్కున్నా" అంది.

రాతి తొట్టి దగ్గర, పిల్లల చేతికందే ఎత్తులో, ఉల్లిగడ్డలు వచ్చే ఎర్ర జాలి సంచిలో సబ్బుముక్క వేసి వేలాడదీసింది. సంచితో సహా రుద్దుకోవాలి. సబ్బు మట్టిలో పడదు, జారిపోదు. మా బడిలో చేతులు కడుక్కునే చోట సబ్బు రెండు రోజులు కూడా నిలవదని ఎన్నిసార్లు మొత్తుకున్నామో! ఈమె చదువుకున్నది మూడో తరగతి. మర్నాడే మా బడిలో అలాంటి సంచులు నాలుగు కట్టించాను. ఆ సలహా నాదేనని అందరూ అనుకున్నారు. కాదని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆ పిల్లల తల్లులంతా కూలికో, కుట్టుపనికో పోయేవాళ్లు. బడి వదిలాక పిల్లలు నేరుగా ఈ పెరట్లోకే వచ్చేవాళ్లు. వాళ్లను చూసుకున్నందుకు ఆమె ఎవరినీ ఏమీ అడిగింది లేదు. ఆమె కూతురు పెళ్లయి పాణ్యంలో ఉంది. భర్త రాతి శిల్పి అనీ, నలభై ఏడేళ్లకే పోయాడనీ తెలుసు. అంతకు మించి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

మొదటి వేసవిలో నాకూ ఆమెకూ పోట్లాట వచ్చింది.

మా నాయనది దొర్నిపాడు దగ్గర పల్లె. మిరప, పత్తి వేస్తాడు. ఎండలకు పిల్లలు నీళ్లలో ఆడుకుంటారని, ఇంటి దగ్గర పడి ఉన్న నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్మును నిలువునా రెండుగా కోయించి ఒక సగం ఆటోలో తెచ్చాను. సబ్బునీళ్లతో మూడుసార్లు కడిగాను. పెరట్లో పెట్టి నీళ్లు పట్టబోతుండగా ఆమె వచ్చింది. వంగి డ్రమ్ము లోపల ముక్కు పెట్టి వాసన చూసింది.

"ఈడ నీళ్లు పొయ్యొద్దు."

"ఎందుకు పెద్దమ్మా? కడిగినా కదా, మూడుసార్లు."

"దీంట్లో ఏముండె ముందు?"

"ఏమో. నీళ్లే అయ్యుంటాయి."

"అయ్యుంటాయా, ఉండెనా? తెలుసుకోని చెప్పు. అందాక ఏ బిడ్డా దీంట్లో దిగేదిల్లే."

పిల్లలంతా చొక్కాలు విప్పేసి వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు నన్ను అట్లా అనేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. "నేనేమన్నా చదువుకోని దాన్నా, నా బిడ్డ కూడా ఇందులోనే కదా ఆడేది" అని గట్టిగానే అన్నాను. ఆమె పిల్లలను తోలుకుపోయి తొట్టి దగ్గర చెంబులతో నీళ్లు పోసుకోమంది.

గదిలోకి వచ్చి, ఆమె తప్పని చూపించాలనే పట్టుదలతో మా నాయనకు ఫోన్ చేశాను.

"నాయనా, ఆ నీలం డ్రమ్ములో ఏం పోసేవాడివి?"

"ఏం పోస్తాం మ్మే, మిరప చేనుకు మందు కలిపేది దాంట్లోనే గదా. ఇప్పుడు వాడ్డంలే, రెండేండ్లాయె. ఎందుకు?"

పురుగుమందు ప్లాస్టిక్‌లోకి ఇంకితే ఎంత కడిగినా పోదని పదో తరగతి పిల్లలకు చెప్పేదాన్ని నేనే. మా పాప అప్పటికే ఆ డ్రమ్ము అంచు పట్టుకుని ఊగింది.

బయటికి వచ్చి ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. క్షమించమని అడగబోయాను. ఆమె వినలేదు. "మాటలు తర్వాత. బిడ్డ చేతులు కడుగు, నీయీ కడుక్కో, సబ్బుతో" అంది. అవి కడిగాక డ్రమ్ముకు గడ్డపారతో తూట్లు పొడిచింది. "ఊరికే పారేస్తే ఇంకొకరు ఎత్తకపోయి నీళ్లు పట్టుకుంటారు" అంది. ఆ తర్వాత ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. పిల్లల ముందు గానీ, వాళ్ల తల్లుల ముందు గానీ "టీచరమ్మ ఇట్ల చేసింది" అని ఒక్కసారి కూడా అనలేదు. నేనైతే అనకుండా ఉండగలిగేదాన్ని కాదు.

ఆ ఆదివారం చర్చి అయిపోయాక దొర్నిపాడు వైపు పోయాను. చేను దగ్గర కొట్టంలో కూలోళ్లు తాగే నీళ్లు అయిదు లీటర్ల మందు డబ్బాలో పెట్టి ఉన్నాయి. ఎప్పటి నుంచో అట్లాగే ఉండేవి. చిన్నప్పుడు నేనూ తాగినవే. "కడిగినాం గదా మ్మే" అన్నాడు మా నాయన. డ్రమ్ము దగ్గర నేనన్న మాటే. ఆయనతో పోట్లాడలేదు. డబ్బాకు తూట్లు పొడిచి, ఇంటి నుంచి స్టీలు బిందె తెచ్చి పెట్టాను. మా నాయన కాసేపు గొణిగాడు గానీ, మరుసటి వారం ఫోన్ చేసి పక్క చేను వాళ్లకు కూడా చెప్పానన్నాడు.

అసలు సంగతి ఆ చలికాలంలో జరిగింది.

మా పెరటి గోడకు అవతల ఖాళీ స్థలం ఉంది. ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కేవాళ్లకు కొదవ లేదు. ఒక శిల్పి ఆ స్థలం తీసుకుని పని మొదలుపెట్టాడు. నలభై లోపు మనిషి. ఇంటావిడ భర్త దగ్గరే పని నేర్చుకున్నాడు. ఆమెను "అమ్మా" అని పిలిచేవాడు, ఎదురుపడితే పక్కకు తప్పుకుని నిలబడేవాడు. ఏదో గుడికి స్తంభాలు చెక్కే పని వచ్చిందట. పొద్దున నుంచి సాయంత్రం దాకా కటింగ్ మిషన్ల మోత. పిల్లలు గోడ మీదుగా తొంగిచూసేవాళ్లు. రాతిలోంచి సింహం మొహం బయటికి రావడం చూసి మా పాప అన్నం తినడం కూడా మరిచిపోయేది.

ఉలి పని మాత్రమే నడుస్తుండగా, ఆ మిషన్లు రాకముందే పెద్దమ్మ పాణ్యం పోయింది. కూతురికి కాన్పు. పోతూ పోతూ నాకు పెరటి పనులన్నీ అప్పజెప్పింది. నేను శ్రద్ధగానే చేశాను. ఇసుక కప్పాను, చిప్పలు బోర్లించాను, పొద్దున్నే గొంతు కూర్చుని వెతికాను. కానుగ ఆకుల మీద తెల్లటి పొర పేరుకోవడం చూశాను. తీగ మీద ఆరేసిన బట్టలు దులిపితే పొడి రాలడమూ చూశాను. దుమ్మే కదా అనుకున్నాను.

నాలుగో రోజు ఆ శిల్పి గోడ మీదుగా పలకరించాడు. "మేడం, పిల్లోళ్లు ఆడుకుంటారంటే కొంచెం పొడి వేస్తా. మైదాపిండి మాదిరి మెత్తగుంటాది" అన్నాడు. అతనికి పిల్లలంటే ప్రాణం. నాలుగు గంపల పొడి ఇటు పోశాడు. తెల్లగా, మెత్తగా, వేళ్ల సందుల్లోంచి జారిపోతూ ఎంత బాగుందో! పిల్లలు దానితో రొట్టెలు చేశారు, మొహాలకు పౌడరు పూసుకున్నారు, గుప్పిళ్లతో పైకి ఎగరేసి "మంచు, మంచు" అని కేకలు వేశారు. నేను అరుగు మీద పరీక్ష పేపర్లు దిద్దుతూ వాళ్లను ఫోటో తీసి మా ఆయనకు పంపాను.

సరిగ్గా అప్పుడే గేటు తీసుకుని పెద్దమ్మ లోపలికి వచ్చింది. పిల్లలను చూసింది. చేతిలో సంచి అక్కడే పడేసింది.

"ఎగరెయ్యొద్దు! ఎవురూ కదలొద్దు!"

అంత గట్టిగా ఆమె అరవడం నేనెప్పుడూ వినలేదు. పిల్లలు బిగుసుకుపోయారు. నేను పరిగెత్తి మా పాప గౌను దులపబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"దులపగాకు! దులిపితే లేసి మళ్లా ముక్కులోకే పోతాది. తడుపు. నీళ్లు, బేగా నీళ్లు తే!"

ఒక్కొక్కరినీ తొట్టి దగ్గరికి నడిపించి, తల మీద నుంచి నిదానంగా నీళ్లు పోసింది. ముక్కులు చీదించింది, నోళ్లు పుక్కిలింపజేసింది. బట్టలు విప్పి నీళ్ల బక్కెట్లో ముంచింది. ఆ పొడి కుప్ప మీద నీళ్లు చల్లి, తడి గోనెపట్టలు కప్పింది. చలికి వణుకుతున్న పిల్లలను తన చీరలు చుట్టి ఇళ్లకు పంపింది. అంతా అయ్యాక అరుగు మీద కూలబడింది.

"పెద్దమ్మా, ఏమైనా అవుతుందా పిల్లలకు?"

"ఒక్కనాటికి ఏం కాదులే. భయపడగాకు. దినామూ అయితేనే అది." తర్వాత నెమ్మదిగా చెప్పింది. "మా ఆయప్పకు అట్లనే ఆయె. మొదట దగ్గు. ఊర్లో అందరికీ వచ్చే దగ్గే గదా అనుకున్నాం. తర్వాత మెట్లెక్కలేకపాయె. కడాకు అన్నం కలుపుకోవాలన్నా ఆయాసమే. నంద్యాలలో డాక్టరు ఫోటో చూపిచ్చినాడు. ఊపిరితిత్తుల నిండా తెల్ల మచ్చలు. రాయి మాదిరి గట్టిపడిపొయ్యిందమ్మా, ఇంకేం చేసేదానికి లేదన్నాడు. నేను ఇంట్లో ఆయప్ప చొక్కాలు దులిపేదాన్ని. నా బిడ్డ పక్కనే ఆడుకుంటాండె. ఎవురు చెప్పినారు నాకు? ఎవురూ చెప్పలే."

అరుగు మీద నా పేపర్ల పక్కన ఫోన్ ఉంది. అందులో ఆ ఫోటో ఉంది. ఆమెకు చూపించి, నేనే ఆడనిచ్చానని చెప్పాను. ఆమె ఫోన్ పక్కకు నెట్టింది. "నీకు తెల్దు. ఇప్పుడు తెలిసింది గదా" అంది.

మర్నాడు పొద్దున్నే గోడ అవతలికి పోయింది. నేనూ వెంట పోయాను. ఆ శిల్పి మిషను ఆపి, మూతికి కట్టుకున్న తువ్వాలు కిందికి లాగి నిలబడ్డాడు.

"ఏమప్పా, నీళ్లు లేకుండా కోస్తాండావే?"

"నీళ్లు పెడితే పని సాగదమ్మా. నెల లోపల స్తంభాలు ఇచ్చెయ్యాల. గుడ్డ కట్టుకుంటాండా గదా."

"మీ గురువు కూడా గుడ్డే కట్టుకునె."

అతను తల దించుకున్నాడు. అయినా, "మాకు అలవాటే అమ్మా" అన్నాడు.

"నా బోరు నీళ్లు పైపు ఏసుకో. నా వైపు గోడ ఇడిసిపెట్టి ఆ చివరికి పో. రేకులు కట్టుకో. ముందు పోయి రొమ్ముకు ఫోటో తీపిచ్చుకో."

అతను అన్నింటికీ తల ఊపాడు, దేనికీ ఒప్పుకోలేదు. మధ్యాహ్నానికి మిషను మళ్లీ మోగింది.

పెద్దమ్మ ఆ సాయంత్రం పెరటి గేటుకు తాళం వేసింది. పిల్లలెవ్వరూ రావద్దంది. తల్లులకు ఇది అర్థం కాలేదు. ఒకామె వీధిలో నిలబడి, "ఇన్నేండ్లు లేని దుమ్ము ఇప్పుడొచ్చెనా? మా పిల్లోళ్లను చూసుకోలేకపోతే ఆ మాటే చెప్పు" అని అరిచింది. పిల్లలు రోడ్డు మీద ఆడడం మొదలుపెట్టారు. ఆ రోడ్డులో రాళ్ల లారీలు తిరుగుతాయి. పెద్దమ్మ రోజూ సాయంత్రం వీధి చివర కుర్చీ వేసుకుని కూర్చుని, లారీ కనపడితే పిల్లలను పక్కకు తోలేది. తల్లులు ఏమన్నా ఆ కుర్చీ వదల్లేదు. మా పాప తాళం పట్టుకుని ఏడిస్తే మాత్రం లోపలికి పోయి తలుపేసుకుంది.

నేను సాయంత్రాలు ఆ తల్లుల ఇళ్లకు తిరిగి, శిల్పి మీదికి గొడవకు పోమని మాట తీసుకున్నాకే, ఆ పొడి ఏం చేస్తుందో నాకు చేతనైన మాటల్లో చెప్పాను. బడిలో వాడే ఊపిరితిత్తుల బొమ్మ పట్టుకుపోయాను. వీధిలో అరిచిన ఆమె అన్నీ విని, "ఈ మాట ఆయమ్మ ఎందుకు చెప్పలే?" అంది. "చెప్తే ఆ శిల్పి పని పోతుందని" అన్నాను. అది నా ఊహ కాదు. పెద్దమ్మే చెప్పింది. "పిల్లోళ్లు గల వాడు. వాని మీద ఊరు ఎగబడితే ఎట్ల?" అని.

పదకొండు రోజులు అట్లా గడిచాయి. పన్నెండో రోజు ఆమె మళ్లీ గోడ అవతలికి పోయింది. ఈసారి మిషను గురించి మాట్లాడలేదు.

"నీ కూతురికి ఎన్నేండ్లు ఇప్పుడు?"

"మూడమ్మా."

"ఇంటికి పోంగానే యాడెక్కుతాది?"

అతను నవ్వాడు. "యాడెక్కుతాది, మెడ మీదికే. దిగనే దిగదు."

"ఈ చొక్కాతోనేనా?"

అతని నవ్వు ఆగిపోయింది. చొక్కా వైపు చూసుకున్నాడు. భుజాల మీద, కాలరు మడతల్లో తెల్లటి పొడి. ఆమె తిరిగి వచ్చేసింది.

మర్నాడు పొద్దున ఏడింటికి అతను ఉతికిన చొక్కా వేసుకుని మా గేటు ముందు నిలబడ్డాడు. "నంద్యాల పోదాం పదమ్మా. నాకొక్కనికి భయంగా ఉంది" అన్నాడు. నేను బడికి సెలవు పెట్టాను. ముగ్గురం బస్సెక్కాం. బస్సు శిరివెళ్ల దాటింది. ఆ తర్వాత అతనే గురువు గురించి మొదలుపెట్టాడు. ఉలి ఎట్లా పట్టాలో నేర్పడానికి ఆయన వెనక నిలబడి తన చేతుల మీద చేతులు వేసేవాడట. ఆ దగ్గు తన చెవి పక్కనే వినపడేదట. "నేను విన్నానమ్మా. విని కూడా..." అన్నాడు. పెద్దమ్మ కిటికీ వైపు తిరిగి చేలు చూస్తూ కూర్చుంది.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు, ఊదించి ఊపిరి బలం చూశారు. రెండు గంటల తర్వాత డాక్టరు మా ముగ్గురినీ పిలిచి ఫిల్మును వెలుతురుకు పెట్టాడు. పైభాగంలో అక్కడక్కడా ఇసుక రేణువుల్లాంటి చుక్కలు ఉన్నాయి. "మొదలైంది. ఉన్నది పోదు. కానీ ఊపిరి బాగానే ఉంది. ఇప్పుడే ఆ పొడి పీల్చడం ఆపితే చాలాకాలం బాగుంటావు. ఏడాదికోసారి వచ్చి చూపించుకో. ఇంకో అయిదారేళ్లు ఇట్లాగే ఉండుంటే నేను ఈ మాట చెప్పలేకపోయేవాణ్ని" అన్నాడు.

అతను చేతులు జోడించాడు. నేను పక్కకు చూస్తే పెద్దమ్మ లేదు. బయట వరండాలో, మందుల వాసన మధ్య, గోడకు ఆనుకుని నిలబడి ఏడుస్తోంది. శబ్దం లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేశాను.

"ఇంకా టయిముందని చెప్పినాడు టీచరమ్మా. మాకు చెప్పలే ఆ మాట" అంది. కళ్లు తుడుచుకుని, "పద, వాడు పొద్దున్నుంచీ ఏం తినలే" అంది.

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. అతను మిషన్లను స్థలం ఆ చివరకు మార్చి, మూడు వైపులా ఎత్తుగా రేకులు కట్టాడు. పెద్దమ్మ బోరు నుంచి పైపు లాగి, బ్లేడు మీద నీళ్లు ధారగా పడేట్టు అమర్చాడు. నీళ్లున్న చోట కరెంటు ప్రమాదమని ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి వైర్లన్నీ పైకి కట్టించాడు. గుడ్డ తీసేసి, డాక్టరు చెప్పిన రకం మాస్కు కొన్నాడు. పని ముగిశాక అక్కడే స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంటికి పోవడం మొదలుపెట్టాడు. పని కొంచెం నెమ్మదించింది. గుడివాళ్లు ఇంకో నెల గడువిచ్చారు. అతని దగ్గర పనిచేసే ముగ్గురికీ అతనే ఎక్స్‌రేలు తీయించాడు. మరో రెండు చోట్ల శిల్పులు వచ్చి ఆ నీళ్ల ఏర్పాటు చూసి పోయారని తర్వాత విన్నాను.

పెరటి సంగతి పెద్దమ్మ చూసుకుంది. తడి గోనెపట్టల కింద ఉన్న పొడిని తడిగానే బస్తాలకెత్తించి పంపేసింది. కానుగ చెట్టును పైపుతో కొమ్మ కొమ్మా కడిగింది. ఇసుకంతా తీయించి కొత్త ఇసుక పోయించింది. పైమట్టి ఒక జానెడు తడిపి గీకించి, గడివేముల వైపు నుంచి ఒక ట్రాక్టరు ఎర్రమట్టి తెప్పించి పరిపించింది. ఆ మట్టిని పరిచింది ఎవరనుకున్నారు? వీధిలో నిలబడి అరిచిన ఆ తల్లి, ఆమె వెంట ఇంకో నలుగురు. ఆ ఆదివారం నేను కూడా చర్చి నుంచి వచ్చి, చీర ఎగదోపి, గంప ఎత్తాను.

సాయంత్రం నాలుగింటికి పెద్దమ్మ గేటు తాళం తీసింది. పిల్లలు తోసుకుంటూ లోపలికి వచ్చి, ఎర్రమట్టి చూసి ఒక్క క్షణం ఆగారు. తర్వాత ఒక పిల్ల దొర్లింది. ఇంకొకడు దొర్లాడు. మా పాప మోకాళ్ల దాకా ఎర్రగా అయిపోయి, రెండు చేతులూ ఎత్తి నాకు చూపించింది. గోడ అవతల నుంచి శిల్పి తన కూతురిని ఎత్తుకుని వచ్చి, గేటు దగ్గర మొహమాటపడుతూ నిలబడ్డాడు. పెద్దమ్మ ఆ పిల్లను అందుకుని కింద దింపింది. అందరూ చూస్తున్నారని ఆమె నవ్వలేదు.

"చెప్పులతోనే దొర్లుతారేందిరా? ఆ మూల ఇడిసిపెట్టి రాపోండి!" అని ఒక్క కేక వేసింది.